వెనక వరుసకి వినపడాలి

మా ఇంట్లో పోట్లాటలు కూడా గుసగుసల్లోనే జరుగుతాయి. అమ్మకి కోపం వస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది. ఎంత తగ్గితే అంత ప్రమాదం. చిన్నప్పుడు ఎవరిదో గడియారం ముల్లు తీసి నా బొమ్మ చేతికి కత్తిగా ఇచ్చానని తెలిసిన రోజు అమ్మ పెదాలు మాత్రమే కదిలాయి. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

దీనికంతటికీ కారణం నాన్న. నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ముందు గది కొట్టు, వెనకవి ఇల్లు, మధ్యలో పల్చటి చెక్క అడ్డు. ఏ గడియారాన్నీ నాన్న వెంటనే విప్పడు. ముందు చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. ఆ టిక్కుటిక్కులో తడబాటు ఎక్కడుందో తెలిశాకే మూత తీస్తాడు. అందుకని మా ఇంట్లో గిన్నె దించితే గుడ్డ మీద దించాలి. తలుపు వేస్తే చెయ్యి అడ్డం పెట్టి వెయ్యాలి. నానమ్మ తుమ్ము వస్తే పెరట్లోకి పరిగెత్తి, పని ముగించుకుని, ఏమీ ఎరగనట్టు తిరిగొస్తుంది. కొట్టుకి వచ్చేవాళ్లు కూడా గడప దాటగానే గొంతు తగ్గించేస్తారు. నాన్న ఎవరినీ కసరడు. కంటికి భూతద్దం పెట్టుకునే తలెత్తి ఒకసారి చూస్తాడు, అంతే. అద్దం వెనక ఆ కన్ను గుడ్డంత కనిపిస్తుంది. ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే.

అలాంటి ఇంట్లో పెరిగాను కాబట్టి నాకు ముక్కుమీద కోపం ఉంది గానీ దాన్ని బయట పెట్టే గొంతు లేదు. బళ్లో నా పేరు గుసగుస. హాజరు పిలిచినప్పుడు నేను పలుకుతాను, టీచరుకి వినపడదు, పక్కనున్న మైకు లేచి "వచ్చింది టీచర్!" అని అరుస్తుంది. మైకు నా స్నేహితురాలు, దాని గొంతు విని బళ్లో పెట్టిన పేరది. వాళ్లది పిండిమర. పొద్దస్తమానం మర తిరుగుతూ ఉంటుంది కాబట్టి వాళ్లింట్లో ఉప్పు అందించమన్నా కేకలే. మేమిద్దరం ఎలా కుదిరామో మాకే తెలీదు.

తొమ్మిదో తరగతికి వచ్చాక మా బళ్లో ప్రతివాళ్లూ ఏదో ఒక కళ ఎంచుకోవాలి. సంగీతం, డ్రాయింగు, మట్టిబొమ్మలు, నాటకం. మొదట కొన్నాళ్లు ఏ క్లాసులోనైనా కూర్చుని చూడొచ్చు. తర్వాత ఒక రోజు పెద్దవాళ్ల ముందు తేల్చి చెప్పాలి. ఒకసారి చెప్పాక బడి వదిలేదాకా మార్పు లేదు.

నా విషయంలో తేల్చడానికేమీ లేదని మావాళ్ల నమ్మకం. "దాని చెయ్యి అచ్చం వాళ్ల నాన్న చెయ్యే, డ్రాయింగు కాక ఇంకేం తీసుకుంటుంది?" అని నానమ్మ ఎప్పుడో తీర్పు చెప్పేసింది. నిజమే, చూడకుండా గుండ్రంగా సున్నా చుట్టగలను. డ్రాయింగు మాస్టారు ఆ సున్నా చూసి మురిసిపోయి, "నీ చోటు ఎక్కడికీ పోదమ్మా, కిటికీ పక్కన అట్టే పెట్టాను" అన్నారు. చొక్కా నిండా రంగులతో తిరిగే ఆ మంచి మనిషిని చూస్తే కాదనబుద్ధి కాదు.

కానీ మైకు నన్ను నాటకం క్లాసుకి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అక్కడే కొంప మునిగింది.

నాటకం టీచరు నాకో వేషం ఇచ్చారు. నేను ఉతికి ఆరేసిన చీర పక్కింటి మేక నమిలేసింది. మేకని, మేక గలవాళ్లని ఏకిపారెయ్యాలి. నేను నోరు తెరిచాను. ఇన్నేళ్లుగా గుసగుసగా మింగిన కోపమంతా ఒక్కసారి లేచింది. గొంతులోకి రాలేదు గానీ చేతుల్లోకి వచ్చింది, కళ్లలోకి వచ్చింది, కాళ్లలోకి వచ్చింది. మేక వేషం వేసినవాడు నాలుగు కాళ్ల మీద వెనక్కి వెనక్కి నడిచి బల్ల కిందకి దూరాడు. క్లాసంతా పడీపడీ నవ్వింది. అంతమంది నన్నే చూడటం, నన్ను చూసి సంతోషపడటం నా జన్మలో అదే మొదలు. ఇంటికి నడవలేదు, గాల్లో తేలుతూ వెళ్లాను.

"నీలో మంచి నటి ఉందే" అన్నారు టీచరు, నన్ను ఎగాదిగా చూసి. "గొంతు ఎక్కడ దాచావు?"

నాటకం క్లాసుకి ఒకే ఒక్క షరతు. పెద్దవాళ్లు వచ్చిన రోజున పిల్లలు వేదిక మీద నిలబడి ఒక మాట చెప్పాలి. వాళ్లవాళ్లు హాల్లో చిట్టచివరి వరుసలో కూర్చుంటారు. విన్న మాట తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పిల్లకి నాటకం లేదు, ఇంకేదైనా చూసుకోవాల్సిందే.

సాధన చేద్దామంటే చోటేదీ? ఇంట్లో మాట్లాడే ప్రసక్తే లేదు. పిండిమర దగ్గరికి వెళితే ఆ మోతలో నేను అరుస్తున్నానని ఎవరికీ తెలియలేదు. మైకు వాళ్ల అమ్మ నన్ను చూసి, "పాపం, ఆవులిస్తోంది, నిద్ర చాలలేదేమో!" అని కేక పెట్టింది. స్నానాల గదిలో బకెట్టు నెత్తిన బోర్లించుకుని ప్రయత్నించాను. నానమ్మ తలుపు మీద వేలితో మెల్లగా తట్టి, "కడుపునొప్పా అమ్మా?" అంది.

ఇక దాచి లాభం లేదని ఒకరోజు అన్నాల దగ్గర షరతుతో సహా చెప్పేశాను. "నాకు నాటకం కావాలి."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. నానమ్మ నా చేతివేళ్ల వంక జాలిగా చూసింది. నాన్న నోట్లో ముద్ద నమలడం పూర్తిచేసి, నీళ్లు తాగి, అప్పుడు అన్నాడు. "నేను వెనక వరుసలో కూర్చోవాలి, అంతేగా? కూర్చుంటాను."

ఒప్పుకున్నాడో, ఊరికే అన్నాడో అర్థం కాలేదు. మా ఇంట్లో గొంతును బట్టి ఏదీ తెలుసుకోలేం.

ఆ రోజు రానే వచ్చింది. నాన్న కొట్టు మూసి, ఉతికిన చొక్కా వేసుకుని, అమ్మతో కలిసి వచ్చాడు. హాలు పొడుగ్గా ఉంటుంది. చివర్న తలుపు, తలుపు బయట వరండా, దాని ముందు ఆటస్థలం, ఆటస్థలం దాటితే గేటు, గేటు అవతల రోడ్డు. చివరి వరుసలో నాన్న, అమ్మ, వాళ్ల పక్కన మైకు వాళ్ల నాన్న. కనుబొమల నిండా పిండితో ఆయన నేరుగా మర దగ్గర్నుంచే వచ్చినట్టున్నాడు.

మైకు వేదికెక్కి చెప్పిన మాటకి కిటికీలు దడదడలాడాయి. ముందు వరుసలో ఎవరో చెవులు మూసుకున్నారు. వెనకనుంచి వాళ్ల నాన్న, "బాగానే ఉంది, ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా!" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది.

తర్వాత నేను. నాకిచ్చిన మాట ఇదీ: ఒక పిల్ల ఏటి ఒడ్డుకి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పడవ కదిలిపోతోంది. ఆ పిల్ల పడవాయన్ని పిలవాలి. ఊపిరి బిగబట్టి, నాకు చేతనైనంత గట్టిగా అరిచాను.

"ఆగు! నేనూ వస్తున్నాను! నన్ను వదిలి వెళ్లకు!"

అరిచానని నేను అనుకున్నాను. ముందు వరుసలో టీచరు చెవి ముందుకి పెట్టారు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఇంకా మొదలుపెట్టలేదేమోనని అందరూ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.

చివరి వరుసలో నాన్న లేచి నిలబడ్డాడు. "ఆగు, నేనూ వస్తున్నాను, నన్ను వదిలి వెళ్లకు" అన్నాడు, పొల్లుపోకుండా.

"'వదిలి' దగ్గర గొంతు కొంచెం వణికింది" అంది అమ్మ, పక్కనుంచి.

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. మైకు వాళ్ల నాన్న నోరెళ్లబెట్టాడు. "అదేంటండీ, అమ్మాయి ఇంకా నోరే తెరవలేదుగా!"

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. టీచరు తల గోక్కున్నారు. "షరతు ప్రకారమైతే నువ్వు నెగ్గినట్టే" అన్నారు నాతో. ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. నాకు మాత్రం గెలిచినట్టే అనిపించలేదు. నెగ్గింది నా గొంతు కాదు, నాన్న చెవులు. రేపు నిజంగా నాటకం వేస్తే హాలు నిండా మా అమ్మానాన్నలే కూర్చోరు కదా. సిగ్గుతో కళ్లు మండాయి. తలుపు దగ్గర డ్రాయింగు మాస్టారు, ఫరవాలేదు రమ్మన్నట్టు తలూపారు. ఆయన మంచితనం చూస్తే ఏడుపు ఇంకా ఎక్కువైంది.

నాన్న నా మొహం చూశాడు. పక్కనున్న పిండిమర ఆయన్ని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"ఇది లెక్కలోకి రాదండీ" అన్నాడు టీచరుతో. "మా ఇంట్లో వాళ్లకి చీమ నడిచినా వినపడుతుంది. ఇంకోసారి చెప్పనివ్వండి." అని తలుపు దాటి వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. "ఆ, చెప్పమ్మా!"

చెప్పాను.

"వినపడలేదు!"

నేను ఉలిక్కిపడ్డాను. నాన్న అరిచాడు. మా నాన్నే. ఆ అరుపు సన్నగా లేచి మధ్యలో జీరబోయింది, వాడకంలో లేని గొంతు కదా. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న వరండా దిగి ఆటస్థలంలోకి నడిచాడు. మళ్లీ చెప్పాను.

"వినపడలేదు!"

ఇంకా వెనక్కి నడిచాడు. మళ్లీ చెప్పాను. "అబ్బే, వినపడలేదు!"

పచ్చి అబద్ధం. గడియారంలో ధూళి పడితే వినగలిగే మనిషికి నా మాట వినపడదా? అందరిముందూ నన్ను ఏడిపిస్తున్నాడా? ముక్కుమీదున్న కోపం కాస్తా నెత్తికెక్కింది.

"అబద్ధం చెప్పకు నాన్నా! నీకు వినపడుతోంది!"

"ఆ, ఇది వినపడింది!" అన్నాడు మైకు వాళ్ల నాన్న సంబరంగా.

నాన్న గేటు దాకా వెళ్లిపోయాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఏంటీ? నీకు నాటకం కావాలా, వద్దా?" అని అరిచాడు.

నేను వేదిక మీద కాళ్లు రెండూ గట్టిగా తన్నిపెట్టాను. ఊపిరి కడుపులోంచి తీశాను. అప్పుడు నేనే ఆ ఏటి ఒడ్డున ఉన్న పిల్లని, నాన్నే కదిలిపోతున్న పడవ.

"ఆగు! నేనూ వస్తున్నాను! నన్ను వదిలి వెళ్లకు!"

హాలు అదిరింది. మైకు చెవులు మూసుకుంది, నా మీద ఒట్టు. గేటు అవతల అప్పుడే కదిలిన బస్సు కీచుమని ఆగింది. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వేలాడి కేక వేశాడు.

"రా తల్లీ, నిదానంగా రా! ఎవరూ వదిలి వెళ్లట్లేదు!"

హాల్లో జనమంతా కిటికీలకి అతుక్కుపోయారు. గేటు దగ్గర నాన్న రెండు చేతులూ జోడించి కండక్టరుకి క్షమాపణలు చెప్పుకుంటున్నాడు. ఆయన వింటేగా! "ఆడపిల్లని అంతగా ఏడిపించి ఎక్కడికండీ వెళ్లిపోతున్నారు? ఇంటికెళ్లండి!" అని నాన్నని నాలుగు దులిపి గానీ బస్సు కదలనివ్వలేదు. బస్సులోవాళ్లందరూ మెడలు చాచి నాన్న వంక అసహ్యంగా చూస్తూ వెళ్లారు. అన్ని తిట్లు తిని అంత వెలిగిపోతున్న మొహం నేనెప్పుడూ చూడలేదు.

టీచరు కళ్లు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక, అడగాల్సింది అడిగారు. "ఏ క్లాసమ్మా నీకు?"

"నాటకం!"

"అంత అరవక్కర్లేదమ్మా" అన్నాడు మైకు వాళ్ల నాన్న, చెవిలో వేలు తిప్పుకుంటూ. "మేం ఇక్కడే ఉన్నాం."

డ్రాయింగు మాస్టారు దగ్గరికి వెళ్లి తల వంచుకున్నాను. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి, "మీ నాటకాలకి తెరలు ఎవరు గీస్తారనుకున్నావు? నువ్వే" అని నవ్వేశారు. బరువు దిగిపోయింది.

ఇంటికి నడుస్తున్నాం. అమ్మ ముందు నడుస్తూ కండక్టరు మాటలు గుర్తొచ్చినప్పుడల్లా పైకే నవ్వుతోంది. అమ్మ నవ్వితే భుజాలు కదలడమే చూశాను గానీ ఆ నవ్వుకి చప్పుడుంటుందని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

"నాన్నా, నీకు మొదట్నుంచీ వినపడుతోంది కదా?"

"ప్రతి ముక్కా" అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"మరి ఎందుకలా అబద్ధమాడావు?"

రోడ్డు దాటాక చెప్పాడు.

"నువ్వు పుట్టినప్పుడు నేను ఆసుపత్రి బయట రోడ్డు మీద ఉన్నాను. నువ్వు ఏడిస్తే అక్కడికి వినపడింది. అదీ నీ గొంతు. ఇంటికి తీసుకొచ్చి, మెల్లగా మెల్లగా అంటూ మేమే దాన్ని తగ్గించాం. పూర్తిగా పోగొట్టేశానేమోనని భయమేసిందే, ఇవాళ నువ్వు అలా నిలబడితే."

నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. "పోయిందా మరి?"

"ఎక్కడికీ పోలేదు" అన్నాడు నాన్న. కళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. "మొత్తం అలాగే ఉంది."

ఇక నన్ను పట్టేదెవరు? మేక సంగతి, బల్ల కింద దూరినవాడి సంగతి, బకెట్టు సంగతి అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. వీధిలో జనం తిరిగి చూస్తున్నారు. మా కొట్టు గడప దాటాక కూడా నేను ఆపలేదు. నాన్న ఒక్కసారి కూడా మెల్లగా అనలేదు.