నా చేతివేగం

ఆ పగలు మా కుట్టు హాల్లో సూపర్‌వైజరు, అందరూ అక్కా అని పిలిచే నా పక్క మిషన్ ఆమెను లేపి నిలబెట్టాడు. "గంటకు నలభై కాలర్లు కుట్టలేవు, నీకు కుర్చీ ఎందుకు? ఈ నెలా మూడో గ్రేడు జీతమే. ఇంకో నెల చూస్తా, తర్వాత ఇంటికే." ఆమె వాచిన వేళ్ళను వెనక్కి దాచుకున్నది. అరవైమందిమి తల వంచుకొని కుడుతూనే ఉన్నాము. అందరికంటే వేగంగా కుట్టినవాణ్ణి నేను.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఆ నలభై నా పాపమే. జీతం అందరికీ ఒకటిగా ఉన్న రోజుల్లో గంటకు ముప్పై కుట్టి తృప్తిగా ఇల్లు చేరేవాళ్ళము. తర్వాత కంపెనీవాళ్ళు పనిని బట్టి జీతమన్నారు. స్టాప్‌వాచీతో వచ్చిన ఆఫీసరు, "పెద్దాయనా, మీ పనితనం చూపించండి" అన్నాడు. అహంకారమెంత సూక్ష్మ శత్రువో పద్యాలుగా వల్లించిన నేనే పొంగిపోయాను. ఊపిరి బిగబట్టి కుట్టిన ఆ ఒక్క గంట అందరికీ కొలబద్ద అయింది. నాకు మొదటి గ్రేడు వచ్చింది, జీతం పెరిగింది. తృప్తి మాత్రం పోయింది. పక్కవాడి జీతం చీటీలోకి తొంగిచూడనిదే నా చీటీ మడవలేకపోయాను.

భోజన విరామంలో మెట్ల కింద చేరాము.

"పొద్దున్నే దేవుడికి దండం పెట్టే చేతులేగా, మా పొట్ట కొట్టినవీ అవే!" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఊరుకోరా. ఆయన్ని తిడితే వాచీ ఆగుద్దా?" అన్నది అక్క.

"తిట్టనివ్వమ్మా, తప్పు నాదే" అన్నాను. "రేపు మళ్ళీ కొలుస్తారట. ఈసారి యాభై చేస్తారు. మనలో అందరికంటే నెమ్మదైన చెయ్యి ఎవరిది?"

అక్కే వేళ్ళు పైకెత్తింది. "నాదే. పదహారేళ్ళు ఈ మిషనే తినేసింది వీటిని."

"అందరం ఆ వేగంతోనే కుడదాం."

"నీ గ్రేడు ఊడుద్ది బాబాయ్, ఆలోచించుకో!" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఊడనీరా. దాంతో నా సిగ్గు కొంతైనా పోతుందేమో."

మర్నాడు ఆఫీసరు వాచీ నొక్కి నా పక్కన నిలుచున్నాడు. నేను అక్క చేతులనే చూస్తూ కుట్టాను. గంటకు ఇరవై ఆరు.

"ఏమైంది పెద్దాయనా, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది బాబూ. ఇన్నాళ్ళూ బుద్ధే బాలేదు."

వరుస వరుసకూ వెళ్ళి చూశాడు. అన్నిచోట్లా ఇరవై ఆరే. మేనేజరు పరుగున వచ్చాడు. "ఈ ముసలోడే నేర్పాడు, గెంటండి!" గార్డులు నా రెండు రెక్కలూ పట్టి ఈడ్చారు.

నేను గుమ్మం చేరేలోగా అరవై మిషన్లూ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అక్క గొంతు ఒక్కటే వినిపించింది.

"వాచీ ఆపకండి సారూ! మేం ఎంతసేపు ఆగుతామో, అదీ కొలవండి."