రెండు గంటల శాంతి

మా ఆయన కళ్ళు మూసుకున్నాడంటే రెండు గంటలు ఈగ వాలినా కదలడు. మా బేకరీకి రొట్టెల కోసం వచ్చేవాళ్ళు అద్దంలోంచి చూసి దండం పెట్టుకుని, మౌనస్వామి అని పేరు కూడా పెట్టేశారు. వాళ్ళకేం, ఆయన కళ్ళు తెరిచాక పడేది వాళ్ళు కాదు కదా! పైన పటారం, లోన లొటారం.

ఆయనకు ధ్యానం నేర్పింది రిటైరైన లెక్కల మాస్టారు. "మనసు అణగడం మజిలీయేనయ్యా, ఊరు కాదు. అణిగినప్పుడు నిద్రపోకుండా, ఈ మనసు ఎవరిదో వెతకాలి" అని నా ముందే చెప్పాడు. మా ఆయన మజిలీలోనే కాపురం పెట్టేశాడు. హాయిగా ఉంది, ఇంకేం కావాలంటాడు.

హాయి ఆయనకు, తిట్లు మా అమ్మాయికి. ఆరేళ్ళుగా మాతోపాటు పిండి పిసుకుతున్న పిల్ల నిన్న తెగేసి చెప్పింది. "నాన్నా, ఇంకొక్కసారి అందరి ముందూ నామీద అరిస్తే ఈ గుమ్మం దిగిపోతాను. హాస్టల్లో గది చూసుకున్నాను."

ఆయన నవ్వాడు. "నాలో కోపం చచ్చిపోయిందమ్మా" అన్నాడు.

ఈ ఉదయం ఆయనే ఫ్రిజ్‌లోంచి పిండి టబ్బు తీసి ఓవెన్ పక్కన పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చల్లగా, కదలకుండా ఉంది కదా అని వెళ్ళి ధ్యానం పీట మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా రొట్టెలు కాలుస్తున్న మనిషి! చల్లబడ్డ ఈస్ట్ చావదనీ, వేడి తగిలితే లేస్తుందనీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాఠం చెప్పే మనిషి! నేనూ అమ్మాయీ ముందు గదిలో కొనేవాళ్ళతో తల మునకలుగా ఉన్నాం.

ఆయన లేచేసరికి పిండి పొంగి, అంచు దాటి నేలంతా పరుచుకుంది. రెండు గంటల శాంతి రెండు క్షణాలు నిలవలేదు.

"నిద్రపోతున్నావా? దండగమారిదానా! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అని ముందు గదిలోకొచ్చి అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. అవే పాత తిట్లు, అక్షరం పొల్లుపోలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అమ్మాయి ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టింది. "వెళ్తున్నానమ్మా" అని నాకు మాత్రం చెప్పి, సంచి తీసుకుని దిగిపోయింది.

ఆయన మొహం పాలిపోయింది. "మనసంతా పాడైంది, కాసేపు కూర్చుంటాను" అంటూ లోపలికి, పీట దగ్గరికి నడిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెనకే వెళ్ళి పీట లాగి అవతల విసిరేశాను.

"మళ్ళీ ఆ మనసుని జోకొట్టి పడుకోబెడతారా? ఇప్పుడు అరిచిందెవరో చూసుకోండి. కళ్ళు తెరుచుకునే చూసుకోండి!"

నన్నూ తిట్టబోయి ఆగాడు. తర్వాత మోకాళ్ళ మీద వంగి, చేతులతో పిండి ఎత్తడం మొదలుపెట్టాడు.

"టబ్బు బయట పెట్టింది నేనే" అన్నాడు, తలెత్తకుండా. పెళ్ళయ్యాక ఆయన నోట తప్పు నాదన్న మాట వినడం అదే మొదటిసారి.

"నాకు చెప్తారేం?" అని అరిచాను.

పిండి చేతులతోనే వీధిలోకి పరిగెత్తాడు. అమ్మాయి ఎక్కిన బస్సు అప్పటికే మలుపు తిరిగింది.