అమ్మ పొయ్యి ఉన్నచోట

"మిగ్దాలియా, ఇవాళ కందిగింజల అన్నంలో ఉప్పు తగ్గిందే!" అన్నాడు మా ఆయన రూపెర్తో. ఏడాదిగా ఇదే వరస. మా వియేకేస్ దీవిలో అమెరికా నౌకాదళం బాంబులేసి సాధన చేసే తీరంలోనే గుడారాలు వేసుకుని కూర్చున్నాం, మనుషులుంటే బాంబులు వెయ్యలేరని. అంటే మగవాళ్లు కూర్చున్నారు. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను, ముప్పైమందికి రెండు పూటలా వండుతూ. టీవీవాళ్లొస్తే చాలు, రూపెర్తో ఛాతీ విరుచుకుని "ఇది మా గడ్డ" అంటాడు. వెనకాల గంటె పట్టుకున్న చెయ్యి నాది. మొహం ఎప్పుడూ కనపడదు.

మా గడ్డట! సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న ఫహార్దో ఊరి నుంచి నన్ను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చినవాడు. ఈ గడ్డ మా అమ్మది. పంతొమ్మిదివందల నలభై ఒకటిలో ఈ నౌకాదళంవాళ్లే ఒక్కరోజు గడువిచ్చి ఖాళీ చేయించారు. నన్ను కడుపులో మోస్తూ, ఈ చింతచెట్టు కింద పొయ్యి వదిలేసి వెళ్లింది. చచ్చేదాకా ఆ పొయ్యి గురించే చెప్పింది. నేనూ అక్కడే పొయ్యి వెలిగించాను.

నిన్న కబురొచ్చింది, తెల్లవారగానే పోలీసులొస్తారని. కదలకుండా కూర్చుని అరెస్టయ్యేవాళ్ల పేర్లు విల్ఫ్రెదో రాస్తున్నాడు, మా ఆయనతో చేపలకెళ్లేవాడు.

"నా పేరూ రాయి అన్నయ్యా."

రూపెర్తో పకపకా నవ్వాడు. "నీకెందుకే జైలు? మేం బయటికొచ్చేసరికి వేడివేడిగా వండిపెట్టు. అదీ పోరాటమే!"

"నీ అన్నం లేకపోతే ఉద్యమమే లేదమ్మా" అన్నాడు విల్ఫ్రెదో, పేరు మాత్రం రాయకుండా. నాకు ఒళ్లు మండిపోయింది. అంత గొప్ప అన్నమైతే వండినదాని పేరుకి కాగితంలో చోటెందుకు లేదు?

పొద్దున పోలీసులొచ్చేలోపే మా మగవాళ్లు ఆడవాళ్లని పడవెక్కించారు. నేనెక్కలేదు. కుండలో నీళ్లు పొయ్యిలో గుమ్మరించి, తడి బూడిద పక్కనే చతికిలబడ్డాను.

"వంటావిడవా? నువ్వెళ్లొచ్చు" అన్నాడో పోలీసు.

"ఇది మా అమ్మ ఇల్లు. వెళ్లాల్సింది నువ్వు."

తీసుకెళ్లి మగవాళ్ల పక్కనే కూర్చోబెట్టారు. రూపెర్తో నన్ను చూసి నోరు తెరిచాడు. నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "ఆకలేస్తోందే. తినడానికేమన్నా తెచ్చావా?"

నవ్వాగలేదు నాకు. ప్లాస్టిక్ పట్టీతో కట్టేసిన రెండు చేతులూ ఎత్తి అతనికి చూపించాను.