తువ్వాలు కింద నాడి

పుంగనూరు సంతలో ఎద్దుల బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళతో ధర చెప్పుకుంటాం. దళారిగా నాకు ఇంకొక పద్ధతి ఉండేది. వేళ్ళు ధర చెబుతుంటే నా బొటనవేలు ఎదుటివాడి మణికట్టు మీద ఉండేది. నాడి ఎగిరిందంటే వాడు దిగివస్తాడని లెక్క. ఈ సంగతి నా భార్య బద్రున్నీసాకు కూడా తెలియదు.

1983 ఎండాకాలంలో అంజనప్ప ఎద్దుల జత తెచ్చాడు. చిన్నప్పుడు అతని గుండెలో రంధ్రం ఉంటే బెంగళూరులో ఆపరేషన్ చేసి కుట్టారు. నయమైపోయిందనే అందరి లెక్క. నేను ధర ఎంత తగ్గించినా అతని నాడి ఎగరలేదు. నిదానంగా కొట్టుకుంటూ, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలయ్యేది. గట్టి మనిషని నాకు నేనే చెప్పుకొని, మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాను.

“కళ్ళు తిరుగుతాండాయి బాషన్నా, ఇడిసిపెట్టు,” అన్నాడు.

“నా దగ్గర నాటకాలు యాలప్పా?”

నా వేలి కింద నాడి ఆగింది. మనిషి కూలిపోయాడు.

మదనపల్లె ఆసుపత్రికి చేర్చేసరికి తేరుకున్నాడు. డాక్టరు పట్టి చూసినప్పుడు నాడి బాగానే ఉంది. ఎండదెబ్బ, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. వెంట వచ్చిన అతని భార్య చౌడమ్మ బయలుదేరడానికి లేచింది. నా వేలి కింద నాడి ఆగిందని చెబితే నా పద్ధతి బయటపడుతుంది, సంతలో నాకెవరూ చేయివ్వరు. చెప్పకపోతే మనిషి దక్కడు. చెప్పేశాను.

డాక్టరు మళ్ళీ కూర్చున్నాడు. కుట్టు వేసిన చోట గుండెను కొట్టించే దారి చెడి ఉండవచ్చని, గుండె ఆగకుండా లోపల బ్యాటరీ పెట్టించాలని, బెంగళూరుకు ఉత్తరం రాశాడు. ఇలా ఆగడం ఇదే మొదటిసారా అని నన్ను అడిగాడు.

“నేను సూసింది ఇదే సార్.”

అది అబద్ధం. నిరుడు అతను ఆవును అమ్మిన రోజు కూడా ఆ నాడి నా వేలి కింద ఆగింది. మంచిది కాదని అప్పుడే తెలిసింది. నా పద్ధతి బయటపడుతుందని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత అతను ఒకసారి కళ్ళు తిరిగి పొయ్యి మీద పడి చేయి కాల్చుకున్నాడని చౌడమ్మ అప్పుడే డాక్టరుకు చెబుతోంది.

అతన్ని కుప్పంలో బెంగళూరు రైలెక్కించాను. నెల తర్వాత బ్యాటరీతో తిరిగొచ్చి, సంతలో పదిమంది ముందు నా భుజం పట్టుకున్నాడు.

“బాషన్న సెప్పబట్టే బతికుండాను.”

చౌడమ్మ మా ఇంటికని వేరుశనక్కాయలు మూటకట్టి ఇచ్చింది. ఎందుకిచ్చారని బద్రున్నీసా అడిగింది.

ఏదో మేలు చేశానట, అన్నాను.