గొలుసు వేసిన డ్రమ్ము

ఆ సందులో సిమెంటు డ్రమ్ములు పుట్టించింది డ్రైవరుగారే. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి. ఇల్లు సందు చిట్టచివర, అవతలంతా గోడే. భార్యకు గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పినప్పటినుంచి ఆయనకున్న చింత ఒక్కటే: గుమ్మం ముందు కారు ఉండాలి, ఆవిడ పది అడుగులకు మించి నడవకూడదు.

కారు వెనక్కి పెట్టేటప్పుడు ఆవిడే గేటు పట్టుకుని నిలబడేది. "రానివ్వండి... రానివ్వండి... ఆపండి! అంత పెద్ద బస్సు తోలారు, ఈ డబ్బాకి నేను దారి చెప్పాలా?" అని ఏడిపించేది. చెప్పకపోయినా ఆయన పెట్టగలడు. చెప్పించుకోవడం ఆయనకు ఇష్టం, అంతే.

సందు మొదట్లో హోటలు లేచాక ఆ ముచ్చట పోయింది. నాలుగంతస్తులు, కింద పెళ్ళిళ్ళ హాలు, కార్లు పెట్టుకునే జాగా మాత్రం అరచేతంత! వచ్చినవాళ్ళంతా సందులోకి తోసుకొచ్చేవారు. ఒకసారి ఆస్పత్రినుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఎవరిదో తెల్లకారు. ఆవిడను దూరంగా దింపి నడిపించాల్సి వచ్చింది. మూడుచోట్ల ఆగింది. మూడోచోట ఎవరి మెట్లమీదో కూలబడింది.

"మొహం అలా పెట్టకండి. నేనే మిమ్మల్ని కొట్టాననుకుంటారు జనం," అంది, ఊపిరి అందక.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. విరిగిన కుర్చీ అడ్డం పెడితే హోటలు కాపలావాడు తీసి పక్కన పడేశాడు. పూలకుండీ పెడితే దానికీ అదే గతి. దాంతో పాత నూనె డ్రమ్ములో సిమెంటు పోసి, మధ్యలో ఇనపకడ్డీ నాటాడు. దాన్ని ఎత్తడం నలుగురి వల్ల కూడా కాదు. ఒడుపు తెలిసినవాడు మాత్రం ఒరగదీసి అంచుమీద దొర్లించుకోవచ్చు.

సందంతా వచ్చి చూసింది. "బాబాయ్, మాకూ ఒకటి పోసిపెట్టవా?" అన్నారు. పదకొండు డ్రమ్ములు పోశాడు. బస్సు దిగాక మళ్ళీ నలుగురికీ పనికొచ్చానని పొంగిపోయాడు పాపం, ఆ సంబరాన్ని తప్పెలా పడతాం? మూడో ఇంటి గుమస్తా డ్రమ్మును మాత్రం హోటలువాళ్ళు ఒడుపు కనిపెట్టి కాలవ దాకా దొర్లించేశారు.

"గేటుకి గొలుసేసి తాళం పెట్టరా. అప్పుడెవడు కదుపుతాడో నేనూ చూస్తా," అన్నది డ్రైవరుగారే. గొలుసు దూర్చిందీ ఆయనే, తాళం ఏరి కొనిపించిందీ ఆయనే.

ఆ రోజు ఉదయం పదకొండు. కారు బ్రేకులు బాగుచేయించడానికి షెడ్డులో ఉంది. హాలులో పెళ్ళి. వంటింట్లోంచి "ఏమండీ" అని పిలుపు వినబడింది. ఆ గొంతులో తేడా తెలిసి పరుగెత్తాడు. ఆవిడ గోడ పట్టుకుని కిందికి జారుతోంది.

ఫోను చేసిన ఏడు నిమిషాలకే అంబులెన్సు సైరను వినిపించింది. "వచ్చేసింది, వచ్చేసింది, కాస్త ఓర్చుకో," అన్నాడు ఆవిడ చెయ్యి పట్టుకుని. సైరను దగ్గరికొచ్చింది. ఒకచోట ఆగింది. ఎంతసేపటికీ అక్కడే మోగుతోంది. పక్కింటి దర్జీ ఆవిడను పిలిచి భార్య దగ్గర కూర్చోబెట్టి, డ్రైవరుగారు సందులోకి పరుగు తీశాడు.

మూడో ఇంటికి అవతలివైపు పెళ్ళివాళ్ళ కారొకటి మూతి రోడ్డులోకి చాపి నిలబడి ఉంది, లోపల ఎవరూ లేరు. దానికి ఎదురుగా గుమస్తా ఇంటిముందు కారంత ఖాళీ. అటు రెండు చక్రాలు దింపితే అంబులెన్సు వచ్చేస్తుంది. ఆ ఖాళీలో డ్రమ్ము. డ్రమ్ముకి గొలుసు, గొలుసుకి తాళం. తాళంచెవి గుమస్తా జేబులో, గుమస్తా ఆఫీసులో. ఇంట్లో పిట్టయినా లేదు.

"ఎవడండీ ఇది పెట్టింది? బుద్ధుందా?" అని అరిచాడు అంబులెన్సు నడిపేవాడు.

డ్రైవరుగారు వంగి డ్రమ్మును ఒరగదీసి దొర్లించాడు. జానెడు కదిలి, గొలుసు బిగుసుకుపోయింది. రాయి తెచ్చి తాళాన్ని కొట్టాడు. కొట్టి కొట్టి వేళ్ళు చితికాయి గాని తాళం ఊడలేదు. అంత మంచి తాళం కొనిపించాడు మరి!

ఇక లాభం లేదని ఇద్దరు మనుషులు స్ట్రెచరు దింపి, డ్రమ్ములను తప్పించుకుంటూ సందు చివరికి తోసుకెళ్ళారు. వాళ్ళూ డ్రైవరుగారూ గుమ్మం ఎక్కేసరికే దర్జీ ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

"ఇప్పుడే అన్నయ్యా... మీరు వచ్చారా అని అడిగింది. వస్తున్నారమ్మా అన్నాను."

సాయంత్రం గుమస్తా వచ్చి కాళ్ళమీద పడ్డాడు. "నావల్లే బాబాయ్, తాళంచెవి ఇంట్లో పెట్టి వెళ్ళాల్సింది."

"నీదేం లేదురా. గొలుసెయ్యమన్నది నేను," అన్నాడు డ్రైవరుగారు. ఆ తర్వాత షెడ్డునుంచి కారు కూడా తెచ్చుకోలేదు.

మరో పెళ్ళి రోజు. జాగా కోసం వెతుక్కుంటూ ఒక కారు సందు చివరిదాకా వచ్చింది. నడిపేవాడు అద్దం దించి, "పెద్దాయనా, ఇక్కడికి ఎవరైనా వస్తారా?" అని మర్యాదగానే అడిగాడు.

"ఎవరూ రారు బాబూ. పెట్టుకో."

మెట్లమీంచి లేచి తన డ్రమ్మును ఒరగదీసి, అంచుమీద దొర్లించి పక్కకు చేర్చాడు. తర్వాత వెళ్ళి గేటు పట్టుకుని నిలబడ్డాడు, ఆవిడ నిలబడే చోటే.

"రానివ్వండి," అన్నాడు. "రానివ్వండి... రానివ్వండి..."

ఆపండి అనే మాట మాత్రం నోట రాలేదు. కారు వెనక్కి వెనక్కి వచ్చి, గోడకు తగిలి ఆగింది.