హార్వర్డ్ ముక్కు కింద ట్రే

ఏటా జూన్‌లో మా ఊరి గడ్డి మైదానానికి పాత యుద్ధ విమానాలు ఎగిరొస్తాయి. వాటిలో గోర్డన్ నడిపే పసుపుపచ్చ హార్వర్డ్ ఒకటి. నేలమీద ఉన్నంతసేపూ దాని ఇంజిన్‌లోంచి ఆయిల్ కారుతూనే ఉంటుంది. గడ్డి మాడిపోకుండా మా ఆయన రెజ్ దాని ముక్కు కింద ఒక ట్రే పెట్టేవాడు. అదీ నేను ఆదివారాలు ఓవెన్‌లో మాంసం రోస్ట్ చేసే ట్రే.

"పెళ్ళాం వంటసామాను తప్ప నీకింకేం దొరకదా?" అని ప్రతి ఏడూ అరిచేదాన్ని.

"కడిగి ఇస్తాలేవే" అనేవాడు. ఒక్క ఏడూ కడిగిన పాపాన పోలేదు.

మొన్న చలికాలంలో రెజ్ పోయాడు. ఈసారి నేను రానని అందరికీ చెప్పేశాను. తీరా ఆ ఇంజిన్ మోత వంటింట్లోకి వినబడేసరికి కాలు నిలవలేదు. సంచి పట్టుకుని బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి గోర్డన్ విమానం దిగి, ముక్కు కింద ఒక కొత్త ప్లాస్టిక్ తొట్టి సర్దుతున్నాడు. నన్ను చూసి తడబడ్డాడు.

"నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని కొనుక్కొచ్చాను, నోర్మా."

"నిన్నెవరు కొనమన్నారు? తీసెయ్."

సంచిలోంచి నా ట్రే తీసి చేతికిచ్చాను.

"మరి రేపు రోస్ట్ దేంట్లో చేసుకుంటావ్?"

"ఒక్కదానికి రోస్టేమిటి."

గోర్డన్ వంగి తొట్టి పక్కకి లాగి, ట్రే పెట్టాడు. మొదటి చుక్క టప్పుమని పడింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"సాయంత్రం కడిగి ఇస్తాలే" అన్నాడు.

"కడిగావంటే ఊరుకోను" అన్నాను.