నర్సమ్మకు ఒడిబియ్యం

మమతారాణి ఒడిబియ్యం కలిపిన రోజు ఆ వాడలోని ఆడవాళ్ళందరికీ ఆమె ఇంటి ముందు నుంచే నడిచే పని పడింది. సిరిసిల్లలో ఆడబిడ్డ లేని ఇల్లు అది. అత్త లింగవ్వకు ఒక్కడే కొడుకు పరశురాములు, అతనికి ఇద్దరూ మగపిల్లలే. అటువంటి ఇంట్లో ఐదుంబావు కిలోల బియ్యానికి పసుపూ నెయ్యీ పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలూ పోకలూ ఖర్జూరాలూ పళ్ళెంలో సర్దుతుంటే చూసిన వాళ్ళు అడగకుండా ఎలా ఉంటారు?

కరీంనగర్ దవాఖానలో ఉన్న నర్సమ్మకు పోస్తున్నామని మమత చెప్పింది. పెళ్ళయిన ఆడపిల్లకు తల్లిగారింటి వాళ్ళు పోసే బియ్యం నర్సుకు పోయడమేమిటని అడిగిన వాళ్ళకు, మాకు ఆడబిడ్డ లేదు, ఇప్పుడు దొరికింది, పోస్తున్నాం అంది. ఆ మాట మీద ఇంకెవరూ ఎదురు అడగలేదు. ఎందుకు అడగలేదో వాళ్ళకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

రెండు నెలల కింద చిన్న హనుమాన్ జయంతికి వాళ్ళు కొండగట్టు వెళ్ళారు. లింగవ్వకు మతి సరిగా ఉండదు. కొడుకు పేరు ఒకసారి గుర్తుంటే రెండోసారి ఉండదు. గుట్ట మీద ఇసకేస్తే రాలని జనం. సంచిలోంచి కొబ్బరికాయ తీయడానికి మమత అత్త చేయి వదిలింది. కాయ చేతికొచ్చేసరికి అత్త లేదు.

మూడు రోజులు వెతికారు. పోలీసులకు చెప్పారు, ఫోటోలు పంచారు. ఈలోగా వాడ నోరు ఊరుకోలేదు. అందరికంటే పెద్ద నోరు కమలవ్వది. లింగవ్వకు స్వయానా చెల్లెలు, మమతకు చిన్నత్త. పీడ వదుల్తుందని కోడలే ముసలిదాన్ని గుట్ట మీద విడిచి వచ్చిందన్న మాట ముందు ఆమె నోట్లోనే పుట్టింది. పరశురాములు సైతం ఒకసారి భార్యను పక్కకు పిలిచి, నిజంగా చెయ్యి జారిందా అని అడిగాడు. ఆ 'నిజంగా' అన్న మాట చేపముల్లులా మమత గొంతులో ఇరుక్కుంది. ఆ తర్వాత ముద్ద దిగలేదు.

నాలుగో రోజు పొద్దున పరశురాములు ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. మంచం మీద లింగవ్వ. ఆ వెనకే ఫోన్ మోగింది. ఏళ్ళకేళ్ళు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో బతికిన చెవులు కాబట్టి పరశురాములు ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. ఆ పొద్దు వాకిట్లో వాడ సగం ఉంది.

మాట్లాడింది నర్సు. లింగవ్వ ఏదో బస్సెక్కి కరీంనగర్ చేరిందట. ఎండదెబ్బకు సొమ్మసిల్లితే కండక్టరే తెచ్చి దవాఖానలో వేశాడట. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. తానే అన్నం తినిపించిందట. మూడో రోజు చూస్తే ముసలమ్మ దుప్పటి అంచులోంచి రెండు పోగులు లాగి, బొటనవేలితో మెలిపెట్టి ఒకదానికొకటి అతుకుతూ కూర్చుందట. సాంచాల మీద పాత దారం కొసకు కొత్త దారం అతికే పని అది. తన తండ్రి కూడా సిరిసిల్ల సాంచాల దగ్గరే బతికాడని, చిన్నప్పుడు ఆ పని చేసే ఆడవాళ్ళను రోజూ చూసేదాన్నని, వెంటనే సిరిసిల్లలో తెలిసిన వాళ్ళకల్లా ఫోటో పంపితే ఈ నంబరు దొరికిందని చెప్పింది.

అంతటితో ఊరుకుంటే అది దవాఖాన ఫోనే అయ్యేది. పెట్టేసే ముందు ఆమె ఇంకో మాట అంది.

"పెద్దమ్మను మీరు పసిపిల్ల లెక్క సాదుకుంటున్నరన్నా. గోర్లు తీసి ఉన్నయి, నెత్తికి నూనె పెట్టి ఉన్నది, ఒంటి మీద ఒక్క పుండు లేదు. గింత మంచిగ చూసుకునేటోళ్ళు తిండి మాని దేవులాడుతుంటరని నాకు ఎరుకే. అందుకే నేను ఇడిశిపెట్టలే."

వాకిట్లోని వాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. కమలవ్వ కొంగు సవరించుకుంటూ తన ఇంటి దారి పట్టింది. మమత లోపలికి వెళ్ళి చద్దన్నంలో ఉల్లిగడ్డ నంజుకుని కడుపునిండా తిని, అత్తను తేవడానికి బయలుదేరింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఆ నర్సు డ్యూటీ దిగిపోయింది. తర్వాతి మాటలన్నీ ఫోన్‌లోనే. నర్సమ్మ అనే నంబరు దాచుకున్నారు, నర్సమ్మ అనే పిలిచారు. సాంచాల ఇంటి పిల్ల, అతికే వేళ్ళను చూసి పోల్చుకుంది, మాట కూడా అచ్చం సిరిసిల్ల మాట. ఇంకేం, మన పద్మశాలీల పిల్లే అని ఇంటిల్లిపాదీ ఖాయం చేసుకున్నారు. పెళ్ళయిందా, పిల్లలెంతమంది అని అడిగిన మమత, ఆమె పేరు మాత్రం అడగలేదు.

ఒడిబియ్యానికి ఒక పెద్దముత్తైదువ వెంట ఉండాలి. మమత కమలవ్వ ఇంటికే వెళ్ళి బొట్టుపెట్టి పిలిచింది. రానంటే ఆ మాట ఎందుకన్నానో చెప్పాల్సి వస్తుందని కాబోలు, కమలవ్వ మారుమాట లేకుండా వచ్చింది. లింగవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని నలుగురూ బస్సెక్కారు.

వార్డు దగ్గర ఆయాను అడిగితే గుర్తులు విని, "మా అజ్రా మేడం గురించేనా? రెండింటికి వస్తది, కూసోండ్రి" అని బెంచీ చూపించింది.

కమలవ్వ మమత మోచేయి పట్టుకుని పక్కకు లాగింది. సాయిబులామె అట కదా, ఇప్పుడేం చేద్దామంది. పండ్లు కొనిద్దాం, దండం పెట్టి పోదాం, అంతే గాని ఒడిలో పోయడం ఎక్కడన్నా ఉందా, మనోళ్ళు వింటే ఏమంటారంది. పరశురాములు నేల చూపులు చూశాడు.

మమత కూడా ఆగి, సంచి బరువు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. అప్పుడు గొంతు పెంచకుండా అంది.

"చిన్నత్తా, అత్తను నేనే ఇడిశిపెట్టి వచ్చిన్నని అన్నది మనోళ్ళే. కాదన్నది గీమె. ఇగ మనోళ్ళెవరో నువ్వే చెప్పు."

కమలవ్వ బెంచీ మీద కూర్చుని చెప్పుల వైపు చూసుకుంది.

రెండు దాటాక అజ్రా వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకుంది. వాళ్ళను చూడగానే పలకరింపుకంటే ముందు లింగవ్వ మణికట్టు పట్టుకుని, నాలుక చాపమని చూసి, నీళ్ళు తాగిస్తున్నారా అని మమతను గదిమింది. లింగవ్వ ఆమెను గుర్తుపట్టలేదు. ఎదురుపడిన ప్రతివాళ్ళనూ అడిగినట్టే, నువ్వు ఎవలింటి పిల్లవని అడిగింది.

"మనింటి పిల్లనే అత్తా. మన ఆడబిడ్డ" అంది మమత.

సంచిలో ఏముందో చూశాక అజ్రా ముఖంలో నవ్వు వచ్చి పోయింది. ఒడిబియ్యమంటే ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు పక్కింట్లో పోస్తుంటే ఖర్జూరపండు కోసం చివరిదాకా కూర్చునేదట. కానీ తల అడ్డంగా ఊపింది. ఇది తన నౌకరి అంది. జీతం తీసుకుంటున్నాను, కానుకలు పట్టకూడదు అంది.

"అన్నం తినిపిచ్చుడు నీ నౌకరే చెల్లె, కాదన" అంది మమత. "నా గురించి గా మాట చెప్పుడు నౌకరి కాదు గద."

ఏ మాట అని అజ్రా తిరిగి అడిగింది. ఆమెకు నిజంగానే గుర్తులేదు. మమత చెప్పింది. గుట్ట మీద చేయి వదలడం, మూడు రోజులు, వాడ, స్పీకర్ ఫోన్, అన్నీ. ఎవరన్నారన్నది మాత్రం చెప్పలేదు. కమలవ్వ చెవులు మూతలు పడ్డట్టు కూర్చుంది.

"నేను చూసిందే చెప్పిన అక్కా."

"చూసినోళ్ళు వాడ నిండ ఉన్నరు. చెప్పింది నువ్వొక్కదానివే."

అజ్రా సంచిలోని కొత్త చీర వైపు మళ్ళీ చూసింది. తర్వాత చీర ముట్టనంది, బొట్టు వద్దంది. "బియ్యం పొయ్యి, పడుత" అంది.

రోగుల వెంట వచ్చినవాళ్ళు అన్నం తినే రేకుల షెడ్డు అప్పటికి ఖాళీ అయింది. అజ్రా ఒక స్టూలు మీద కూర్చుని చున్నీ ఒడిలో పరిచింది. మమత బియ్యం సంచి విప్పి గిన్నెతో ముంచబోయింది.

"ఆగు" అంది కమలవ్వ.

మమత గిన్నె ఆపింది. పరశురాములు తలెత్తాడు. షెడ్డు మూలన నిలబడ్డ కమలవ్వ ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గిన్నెతోని పోస్తరా ఎవలన్నా? దోసిలి పట్టు. బిడ్డా, నువ్వు జర ఇటు మర్లు, తూర్పు మొకం కూసోవాలె. ఉత్త బియ్యం పోసుడు ఉండది, చీర వద్దంటే రవిక గుడ్డన్న ముందుగాల ఒడిల పడాలె. గది గూడ వద్దంటే నేను ఒప్పుకోను."

అజ్రా ఒప్పుకుంది. రవిక గుడ్డ మీద కుడుకలు, పోకలు, ఖర్జూరాలు పడ్డాయి. భార్యాభర్తలు దోసిళ్ళు కలిపి ఐదుసార్లు పోశారు. పసుపు బియ్యం చున్నీలో కుప్పపడుతుంటే షెడ్డు బయట ఇద్దరు ముగ్గురు నర్సులు ఆగి చూశారు. లింగవ్వ అందిన గింజలు ఏరి నోట్లో వేసుకుంది. మమత తుడిచేలోపే అజ్రా ఆమె చేతిలో ఒక ఖర్జూరం పెట్టింది. ఒడి నిండాక ఐదు పిడికిళ్ళు తల్లిగారింటికి తిరిగి ఇవ్వాలని కమలవ్వ చెప్పింది. అజ్రా ఒక్కొక్క పిడికిలీ మమత కొంగులో వేసింది. ఐదోది వేసేటప్పుడు "చాలా, వదినె?" అంది. మమత కొంగు ముడివేసుకుంది.

ఈ బియ్యం దాచుకునేవి కావు, వండి పదిమందికీ పెట్టాలని కమలవ్వ హెచ్చరించింది.

"ఐతే మా ఇంట్లనే వండుత. శుక్రవారం నాకు సెలవు. అందరు రావాలె. నువ్వు గూడ పెద్దమ్మా" అంది అజ్రా, కమలవ్వ వైపు తిరిగి.

కమలవ్వ మమత వైపు చూసింది. మమత ఆమెను ఆదుకోలేదు. అత్త మూతి తుడుస్తూ ఉండిపోయింది.

"శుక్రవారం నేను ఒక్కపొద్దుంట" అంది కమలవ్వ చివరికి. "ఐతారం పెట్టుకో."

ఆదివారం తనకు డ్యూటీ ఉందని, ఎవరితోనైనా మార్చుకుంటానంటూ అజ్రా షెడ్డు బయట నిలబడ్డ నర్సుల వైపు చూసింది.